పదునెనిమిదేండ్ల బిడ్డలు – ఊరి పెద్దలు

మన కలమల్ల చెన్నకేశవస్వామి యాలయమున దొరకిన శాసనము తెలుగున మొదటిదని పండితు లెన్నుచున్నారు. అది రేనాటి చోళుడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని పేర క్రీ.శ. 575 ప్రాంతమున వెలసినది. రాజు పేరు వ్రాతలో నిలుచుట యానాటి రీతి. ప్రజాప్రభుత్వమున నూరివారందరి పేళ్లును వ్రాత కెక్కవలెను. ఆ వ్రాతయే ఓటర్ల జాబితా.

పూర్వము 21 ఏండ్లకు వచ్చుచుండిన ఓటు, రాజ్యాంగపు 61వ సవరణచే 1989 మార్చి 28 నుండి 18 ఏండ్లకే వచ్చుచున్నది. అయినను ఏండ్లు నిండినంతనే పేరు దానంతట నెక్కదు. ఆరవ నంబరు ఫారము నింపి బూతు అధికారి కీయవలెను. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలలో దేనినాటికి 18 నిండినను చాలును. పదునేడు నిండినవారు ముందుగనే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఫారమును తండ్రి నింపి కొడుకుచే వ్రాలు మాత్రము చేయింపరాదు. వాని చేతనే నింపించుడు. తప్పు పోయిన మరల వ్రాయును.

ఆడపిల్లల విషయమున మనలో నొక యుపేక్ష కలదు. "నేడో రేపో అత్తవారింటికి పోవునది, దీని కిక్కడ ఓటేల?" యందురు. పిల్ల జమ్మలమడుగునకు కోడలై పోయినచో ఎనిమిదవ నంబరు ఫారముతో పేరు నక్కడికి మార్చుకొనును. పుట్టినింట లేని పేరును మెట్టినింటివారు వెదకి వ్రాయింతురని నాకు నమ్మకము లేదు.

ఇది కాగితపు పని. అసలు కష్టము వేరు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ననుసరించి ఊరి ఓటర్లందరును గ్రామసభ సభ్యులే. థర్మల్ కేంద్రమున కూలికి పోవు కుఱ్ఱవాడు సభలో లేచి మురుగుకాలువ లెక్క యడిగినచో, "నిన్నగాక మొన్న పుట్టినవాడవు, నీకేమి తెలియును?" అని కూర్చుండబెట్టుదుము. వాడు మరల సభకు రాడు. పిమ్మట వానిని చేరదీయువారెవరో, ఏ పని కొఱకో, ఈ సీమ పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

మఱియొకటి. "మా యింట నారు ఓట్లు, అన్నియు మీకే" యని యింటిపెద్ద మాట యిచ్చుట మన యాచారము. ఆ యారింటిలో ఆయనది యొక్కటియే. ఓటు రహస్యము, బిడ్డ యెవరికి వేసెనో తండ్రియు నడుగరాదు. అభ్యర్థుల మంచిచెడ్డలను ఇంట కూర్చుండి వానితో వాదింపుడు, ఎంతైనను వాదింపుడు. బూతు గుమ్మము కడ మాత్రము వానిని విడువుడు.

ఈమారు గ్రామసభకు దండోరా పడినప్పుడు కొత్తగా పేరెక్కిన పిల్లలను, ఆడపిల్లలతో సహా, వెంటబెట్టుకొని పొండు. పంచాయతీ జమాఖర్చులను వారిలో నొకరిచే చదివింపుడు. చదివినవారు ప్రశ్న వేసినచో, జవాబు వచ్చువఱకు మీరును వారి ప్రక్కనే నిలువుడు.