కంప్యూటర్ మార్చారా? పెళ్ళి వీడియోలు జాగ్రత్త!

ఈ రోజుల్లో పెళ్ళి ఆల్బమ్‌తో పాటు హార్డ్ డిస్కు కూడా చేతికొస్తోంది. ఇంట్లో విండోస్ కంప్యూటర్ తీసేసి పిల్లలు మ్యాక్ కొన్నారనుకోండి, అప్పుడు మొదలవుతుంది తంటా. పాత డిస్కులో వీడియోలు చక్కగా కనిపిస్తాయి. కొత్తగా ఒక్క ఫోటో అందులో వేయబోతే మాత్రం ఎక్కదు. డిస్కు పాడైందని కంగారు పడకండి.

ఫైళ్ళు సర్దే పద్ధతి ఒక్కో కంప్యూటర్‌ది ఒక్కోటి. పోపులపెట్టె ఎవరి సర్దుడు వాళ్ళది కదా, అలాగే. విండోస్‌ది సాధారణంగా ఎన్.టి.ఎఫ్.ఎస్. మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ అందులో రాయదు. మ్యాక్‌లో 2017 నుంచి వాడుతున్నది ఏ.పి.ఎఫ్.ఎస్. దీన్నయితే విండోస్ గుర్తే పట్టదు. అసలు ప్రమాదం ఇక్కడే. డిస్కు పెట్టగానే "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. సరే అని నొక్కారా, ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోయినట్టే! క్యాన్సిల్ నొక్కి డిస్కు తీసేయండి.

రెండింటికీ పనికొచ్చేది ఎక్స్‌ఫ్యాట్. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2006లో తెచ్చారు. 2019లో లినక్స్‌లోనూ చేరింది. అయితే మార్చేటప్పుడు డిస్కులోవన్నీ పోతాయి. అందుకని ముందు వేరేచోటికి కాపీ చేసుకుని, నాలుగు వీడియోలు తెరిచి చూసుకున్నాకే మార్పించండి. షాపు కుర్రాడు "ఏం కాదాంటీ" అన్నా వినొద్దు.

పాత పెన్‌డ్రైవ్‌లది ఇంకో పేచీ. అవి చాలావరకు ఫ్యాట్32. ఖాళీ ఎంతున్నా 4 జీబీ దాటిన ఫైలు ఒక్కటీ పట్టదు. తలంబ్రాల వీడియో ఎక్కనంటోందంటే ముందు దాని సైజు చూడండి.