మాఘమాసపు మంచు... ఆవకాయ జాడీ!

'శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది' అని మన పెద్దవాళ్ల మాట. అమరావతిలో కృష్ణలో మునిగి అమరేశ్వరుడిని దర్శించుకునేవాళ్లకి ఆ మాట ఎంత నిజమో తెలుసు. వెళ్లేటప్పుడు వణుకు, తిరిగొచ్చేటప్పుడు చెమట! సంక్రాంతి వెళ్లిందని దుప్పట్లు ఉతికి అటకెక్కించేస్తాం. తీరా ఓ నాలుగు రోజులు చలి వెనక్కి తిరిగొచ్చి, మళ్లీ అంతలోనే ఎండ చుర్రుమంటుంది. జలుబులూ దగ్గులూ తప్ప ఇందులో మనకేం పట్టింపు అనుకుంటాం. కానీ ఆ నాలుగు రోజులూ మన వంటింట్లో ఏడాది పొడుగునా ఉంటాయి. ఎలాగంటారా?

పగలు చూసి కొన్నాను

ఓ ఏడాది మాఘమాసంలో అమరావతి నుంచి బస్సులో వస్తూ రోడ్డు పక్క కల్లాలు చూసి మనసాగక దిగిపోయాను. ఎర్రతివాచీ పరిచినట్టు మిరపకాయలు! మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ. చేత్తో పట్టుకుంటే కాయ వెచ్చగా ఉంది. ఇంకేం, బాగా ఎండినట్టే అనుకుని పది కిలోలు బేరం చేశాను. పక్కనే కాయలు తిరగేస్తున్న కూలామె, "ఇంకో నాలుగు రోజులాగి తీసుకోమ్మా, రాత్రి మంచు తాగినై" అంది. నేను వింటేగా! ఇంటికి తెచ్చి ఒక్కరోజు ఎండబెట్టి మర పట్టించేశాను. ఆషాఢం వచ్చేసరికి కారం డబ్బాలో ఉండలు కట్టి ముక్క వాసన. ఆ కారంతో కలిపిన ఆవకాయ జాడీ మొత్తం పెరట్లో గొయ్యి తీసి పూడ్చాను. మా అమ్మ ఒకటే మాటంది, "పగలు చూసి కొన్నావు, రాత్రిని చూడలేదు."

రాత్రి ఏం జరుగుతుంది?

మాఘమాసంలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. మబ్బు దుప్పటి లేకపోవడంతో నేల పగలు దాచుకున్న వేడినంతా రాత్రికి వదిలేస్తుంది. ఉత్తరాది పొడిగాలి తోడైతే చలి ఇంకాస్త పెరుగుతుంది. కృష్ణ ఒడ్డునా, కాలవల పక్కనా, తడి పెట్టిన చేల మీదా ఉన్న తేమ చల్లబడి మంచవుతుంది. పొద్దెక్కితే సూర్యుడు దాన్ని చిటికెలో ఎగరగొట్టేస్తాడు. సముద్రం దగ్గర కాబట్టి మన మైదానాల్లో నీళ్లు గడ్డకట్టేంత చలి రాదు. సుమారు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న లంబసింగి లాంటి మన్యం ఊళ్లలోనే సున్నా డిగ్రీల దరిదాపులకు పోతుంది. అయినా మిరపకాయకి ఈ మంచు చాలు!

పండి కోసిన కాయలో మూడొంతులు నీరే. అది పదో వంతుకి దిగేదాకా ఎండాలి. పగలు ఆరిన కాయ రాత్రి మంచుకి మళ్లీ తేమ పీలుస్తుంది. అందుకే సాయంత్రం కాయల్ని కుప్పచేసి పట్టాలు కప్పుతారు, పొద్దున మంచు విడిచాక విప్పుతారు. అలా చేయకపోతే కాయ తెల్లబడి తాలవుతుంది, లోపల బూజు పడుతుంది. కొన్ని రకాల బూజుల నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా ఉడికించినా అది పూర్తిగా పోదు.

మామిడిదీ అదే కథ. పూత మీద మంచూ తేమా ఉంటే బూడిద తెగులు అంటుకుని పూత రాలిపోతుంది. అంటే ఆవకాయకి కావలసిన కారమూ, కాయా రెండూ మాఘమాసం చేతిలోనే ఉన్నాయన్నమాట!

చలీ ఎండా రెండూ ఆమెకే

ఈ చలిని నిజంగా మోసేది మనం కాదు. తెల్లవారుజామునే ఆటోల్లో కిక్కిరిసి చేలకు వెళ్లే ఆడవాళ్లు. మంచుకి తడిసిన చెట్ల మధ్య మిరపకోత, వేళ్ల సందుల్లో మంట. మధ్యాహ్నానికి అదే చేలో నిలువ నీడ ఉండదు. ఆదోని, కోసిగి వైపుల నుంచి కోతలకు వలస వచ్చే కుటుంబాలు చంటిపిల్లలతో చేల పక్కన పట్టాల గుడారాల్లోనే పడుకుంటాయి. మనం అటకెక్కించే పాత దుప్పటి విలువ అక్కడ తెలుస్తుంది.

పైగా కాలాలు ఇప్పుడు మరీ తొందరపడుతున్నాయి. 2023 ఫిబ్రవరిలో దేశమంతటి సగటు పగటి ఉష్ణోగ్రత 1901 తరువాత అప్పటికి అత్యధికమని వాతావరణ శాఖ ప్రకటించింది. ఫ్రాన్సులో 2021లో మార్చి వేడికి తొందరపడి చిగిర్చిన ద్రాక్షతోటలు ఏప్రిల్ మొదట్లో కురిసిన మంచుకి మాడిపోయాయి. కాలం మాట తప్పితే ఏ దేశపు రైతుకైనా కష్టమే.

మనం చేయగలిగినవి

* కాయని చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమనాలి. విరిస్తే పెళుక్కుమనాలి. మెత్తగా వంగితే తేమ ఉన్నట్టే.

* పది కాయలు విరిచి లోపల చూడండి. నల్లగా, బూడిదరంగుగా కనిపిస్తే వద్దు. విరగకుండా ఉండేందుకు నీళ్లు చల్లే అలవాటూ కొందరికుంది.

* పొద్దున్నే మంచులో ఆరబోయకండి. ఎండ బాగా వచ్చాక పోసి, పొద్దు వాలకముందే ఎత్తేయండి. ఇలా మూడు నాలుగు రోజులు చేయాలి.

* ఎండలోంచి తీసిన వెంటనే డబ్బాలో పోయకుండా నీడలో చల్లారనివ్వండి. వేడిమీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది.

* బూజు వాసన వస్తే 'అయ్యో డబ్బులు' అనుకోకండి. పారేయడమే మేలు.

* శివరాత్రి వెళ్లేదాకా ఒక దుప్పటైనా కింద ఉంచండి. పసివాళ్లకీ, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లకీ తెల్లవారుజాము చలే ప్రమాదం.

మరుసటి ఏడాది అదే కల్లానికి వెళ్లాను. అదే ఆమె గుర్తుపట్టి నవ్వింది. "ఎండ ఎటూ వచ్చిద్దమ్మా, మంచునే కాసుకోవాల" అంటూ పట్టా కింద నుంచి ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఊపింది. గలగలమంది. ఈసారి బేరమాడలేదు. నేను పట్టుకెళ్లిన రెండు పాత దుప్పట్లు ఆమె చేతికిచ్చి కాయలు తూకం వేయించుకున్నాను.