ఏ ఆట కష్టం? కప్పు ఎవరికి? పోల్చి చూసే పద్ధతి ఒకటుంది

ఉగాదికి మన సంఘం తరపున ప్రతి ఏడూ ఆటల్లో రాణించిన ఒకరికి కప్పు, కొంత నగదు ఇస్తున్న సంగతి మీకు తెలుసు. ఈసారి నాలుగు పేర్లు వచ్చాయి. బాగేపల్లి వైపు నుంచి 800 మీటర్లు 2 నిమిషాల 26 సెకన్లలో పరుగెత్తిన అమ్మాయి. చింతామణి నుంచి లాంగ్‌జంప్‌లో 5.10 మీటర్లు దూకిన మరో అమ్మాయి. చిక్కబళ్లాపురం నుంచి ఇద్దరు కుర్రాళ్లు. ఒకరు తన ఒంటి బరువు 60 కిలోలైతే రెండు లిఫ్టులూ కలిపి 150 కిలోలు ఎత్తాడు. ఇంకొకరు క్రికెట్ టోర్నమెంటులో సెంచరీ కొట్టాడు.

కమిటీలో రెండు గంటలు వాదన జరిగింది. "సెంచరీ అంటే మాటలా" అన్నారు ఒకరు. "ఆ బరువు నువ్వు ఎత్తి చూడు" అన్నారు ఇంకొకరు. "పరుగులో ఏముందప్పా, కాళ్లున్నోళ్లందరూ పరుగెత్తుతారు" అని ఒక పెద్దాయన తేల్చేశారు. చివరికి మినిట్స్ పుస్తకంలో 'వాయిదా' అని రాసి లేచాం.

ఇంటికొచ్చి పాత రిజిస్టరు తిరగేశాను. ఇన్నేళ్లలో కప్పు ఎక్కువసార్లు క్రికెట్టుకే పోయింది. ఒక్కసారి కూడా ఆడపిల్లకు పోలేదు. ఆ తీర్మానాలన్నీ రాసింది నేనే కాబట్టి ఈ తప్పులో నా వాటా ఉంది. అన్నేళ్లు కచేరీలో గుమాస్తాగా ఫైళ్లు చూసినవాణ్ణి, కొలత లేకుండా బహుమతి ఎలా తీర్మానించానా అనిపించింది. అందుకే వేర్వేరు ఆటలను పోల్చడం కుదురుతుందా, కుదిరితే ఎలా అని చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

కంబళ నేర్పిన పాఠం

2020 ఫిబ్రవరిలో మన రాష్ట్రమంతా మాట్లాడుకున్న సంగతి గుర్తుందా? దక్షిణ కన్నడ జిల్లా ఐకళలో జరిగిన కంబళలో శ్రీనివాస గౌడ గారు ఎనుముల జోడీ వెంట 142.5 మీటర్ల బురద దారిని 13.62 సెకన్లలో పరుగెత్తారు. పేపర్లవాళ్లు త్రైరాశికం వేసి, 100 మీటర్లకు 9.55 సెకన్లు అన్నారు. ఉసేన్ బోల్ట్ ప్రపంచ రికార్డు 9.58 కదా, దాన్ని దాటేశాడన్నారు. అప్పటి కేంద్ర క్రీడామంత్రి కిరణ్ రిజిజు గారు బెంగళూరు సాయ్ కేంద్రంలో పరీక్షకు రమ్మన్నారు. గౌడ గారు వెళ్లలేదు. బోల్ట్‌తో తనకు పోలిక లేదని, ఘనతలో ఎనుములకూ భాగముందని చెప్పారు. ఆ పోలిక చేసినవాళ్లందరికన్నా ఆయనే తెలివిగా మాట్లాడారు.

త్రైరాశికంలో తప్పెక్కడుంది? 100 మీటర్ల పందెంలో మనిషి నిలబడిన చోటి నుంచి మొదలుపెడతాడు. పూర్తి వేగం అందుకోవడానికి సగం దూరం దాటాలి. దూరం పెరిగేకొద్దీ ఆ మొదటి ఆలస్యం పలచబడుతుంది. దీనికి బోల్టే సాక్షి. 2009 మేలో మాంచెస్టరులో ఆయన 150 మీటర్లు 14.35 సెకన్లలో పరుగెత్తాడు. అదే త్రైరాశికం వేస్తే 100 మీటర్లకు 9.57 వస్తుంది. కానీ ఆ రోజుకు ఆయన అసలు రికార్డు 9.69. అంటే ఈ లెక్క ప్రకారం బోల్ట్ తనను తానే ఓడించినట్టు! 9.58 వచ్చింది ఆ తర్వాత, ఆగస్టులో, బెర్లిన్‌లో.

కంబళలో ఎనుములు ముందుకు లాగుతాయి, అది సాయం. కాలి కింద బురద వెనక్కి లాగుతుంది, అది అడ్డంకి. ట్రాక్ మీద ఈ రెండూ ఉండవు. గౌడ గారి పరుగు చిన్నదని దీని అర్థం కాదు. రెండు పనులు వేరు, అంతే. కాబట్టి మొదటి ప్రశ్న ఇది: బయటి సాయమెంత, అడ్డంకి ఎంత?

పట్టిక ఉన్న చోట పట్టికే మేలు

పరుగునూ దూకుడునూ విసరడాన్నీ కలిపి తూచే ఆట ఒకటి ఇప్పటికే ఉంది. ఆడవారికి హెప్టాథ్లాన్ అంటే ఏడు అంశాలు, మగవారికి డెకాథ్లాన్ అంటే పది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన తెలుగమ్మాయి, తెలంగాణకు చెందిన అగసర నందిని హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం తెచ్చింది. మన కర్ణాటక ఆడపడుచు జె.జె. శోభ 2004లో 6211 పాయింట్లతో జాతీయ రికార్డు నెలకొల్పారు.

ఈ పాయింట్లు ఎలా వస్తాయి? ప్రతి అంశానికీ ఒక సూత్రం ఉంది. ఆడవారి పట్టికలో 800 మీటర్లు 2 నిమిషాల 7.63 సెకన్లలో పరుగెత్తితే 1000 పాయింట్లు. లాంగ్‌జంప్ 6.48 మీటర్లు దూకినా 1000. హర్డిల్స్ 13.85 సెకన్లలో దాటినా 1000. ఈ మూడూ దాదాపు సమానమైన కష్టమని పట్టిక చెబుతోంది. ఇంకో మంచి సంగతి, పైకి పోయేకొద్దీ మెరుగుదలకు విలువ పెరుగుతుంది. నాలుగు మీటర్లు దూకే పిల్ల ఇంకో పది సెంటీమీటర్లు దూకడం కన్నా ఆరు మీటర్లు దూకే పిల్ల పది సెంటీమీటర్లు దూకడం కష్టం కదా, అందుకు.

మన ఇద్దరమ్మాయిలకు ఆ సూత్రం వేసి చూశాను. 800 మీటర్లు 2 నిమిషాల 26 సెకన్లకు 744 పాయింట్లు. లాంగ్‌జంప్ 5.10 మీటర్లకు 587. బాగేపల్లి అమ్మాయితో సమానం కావాలంటే చింతామణి అమ్మాయి 5.65 దూకాలి, అంటే ఇంకో 55 సెంటీమీటర్లు. పట్టిక చూడకముందు నాకు ఇద్దరూ ఒకటే అనిపించారు.

బరువుకు బరువు

వెయిట్‌లిఫ్టింగ్‌లో కరణం మల్లీశ్వరి పేరు తెలియని తెలుగిల్లు ఉండదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. బంగారు పతకానికి పోయింది 242.5 కిలోలు. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు పైకి నిలిచి ఉంటే బంగారం మనదే.

ఎత్తిన బరువును ఒంటి బరువుతో భాగిస్తే చాలదా అని అడగవచ్చు. చాలదు. 1988 సియోల్‌లో 60 కిలోల విభాగంలో టర్కీ వీరుడు నయీమ్ సులేమానోగ్లూ 190 కిలోలు తలపైకెత్తాడు. ఒంటి బరువుకు మూడు రెట్లు పైమాటే. జార్జియాకు చెందిన భారీ మనిషి లాషా తలఖాద్జే 267 కిలోలు ఎత్తినా తన ఒంటి బరువుకు రెండింతలు కూడా కాలేదు. మరి లాషా చేతగానివాడా? కానే కాదు. మనిషి అన్నివైపులా రెట్టింపు పెరిగితే ఒంటి బరువు ఎనిమిది రెట్లవుతుంది, కండ మందం మాత్రం నాలుగు రెట్లే అవుతుంది. బలం కండ మందాన్ని బట్టి ఉంటుంది. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది, ఏనుగు మోయలేదు. ఆ సంగతే ఇక్కడా. అందుకే ఈ ఆటలో సింక్లెయిర్ అనే కెనడా గణితవేత్త పేరిట ఒక గుణకం వాడతారు. దానితో చిన్న ఒళ్లునూ పెద్ద ఒళ్లునూ ఒకే తరాజులో పెట్టవచ్చు. రెండో ప్రశ్న ఇదే: ఆ శరీరానికి అది ఎంత?

మన కుర్రాడు ఎత్తింది తన బరువుకు రెండున్నర రెట్లు. కాలేజీ స్థాయికి మంచిదే. మొదలుపెట్టి ఎన్నాళ్లో కాలేదు కూడా. అతనికి ముందు ముందు చాలా ఉంది.

కష్టం వేరు, నేర్పు వేరు

జిమ్నాస్టిక్స్‌లో కష్టానికి ఒక మార్కు, చేసిన తీరుకు ఇంకో మార్కు విడివిడిగా వేస్తారు. 2016 రియోలో త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ ప్రొదునోవా అనే ప్రమాదకరమైన వాల్ట్ చేసింది. అప్పట్లో అత్యధిక కష్టపు మార్కు దానికే. అయినా 0.15 పాయింట్ల తేడాతో కాంస్యం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో మన హైదరాబాదు అమ్మాయి అరుణా రెడ్డి వాల్ట్‌లో కాంస్యం తెచ్చింది. ఆ ప్రపంచ కప్ పోటీల్లో భారతీయులకు అదే మొదటి పతకం. కష్టమైనది ఎంచుకోవడం ఒకటి, ఎంచుకున్నది శుభ్రంగా చేయడం ఇంకొకటి. ఒకసారి కుదిరినదానికీ మళ్లీ మళ్లీ కుదిరినదానికీ తేడా ఉంది. అది మూడో ప్రశ్న.

గడియారం లేని ఆటలో

క్రికెట్‌లో గడియారమూ లేదు, తూకమూ లేదు. పరుగులు ఎవరి బౌలింగులో వచ్చాయన్నదే లెక్క. నాగపూరులో స్థిరపడిన తెలుగింటి బిడ్డ సి.కె. నాయుడు గారు మనలాంటి ప్రవాస తెలుగు కుటుంబం వారే. 1926లో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 కొట్టారు. ఎదురుగా ఉన్నవాళ్లలో ఇంగ్లండుకు టెస్టులాడిన బౌలర్లు ఉన్నారు. అందుకే ఆ 153ను ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. 1932లో భారత మొదటి టెస్టు కెప్టెన్ ఆయనే.

వేర్వేరు ఆటలవాళ్లను పోల్చడానికి ఆస్ట్రేలియా గణాంకవేత్త చార్లెస్ డేవిస్ ఒక దారి చూపారు. బడిలో మార్కుల సంగతి తీసుకోండి. కన్నడలో అందరికీ 80 వస్తే ఒకరికి 90 రావడం పెద్ద విశేషం కాదు. లెక్కల్లో అందరూ 30, 40 దగ్గర ఆగిపోతే ఒకరికి 90 రావడం విశేషం. మార్కు ఒకటే, తోటివారికి ఎంత దూరంలో ఉన్నారన్నది వేరు. డేవిస్ ఆ దూరాన్ని కొలిస్తే బ్రాడ్‌మన్‌కు 4.4 వచ్చింది, ఫుట్‌బాల్ పీలేకు 3.7, బాస్కెట్‌బాల్ మైకేల్ జోర్డాన్‌కు 3.4. బ్రాడ్‌మన్ టెస్టు సగటు 99.94 అయితే మిగతా మహామహులు 60 దగ్గర ఆగిపోయారు కదా. నాలుగో ప్రశ్న ఇది: తోటివారికి ఎంత దూరంలో ఉన్నారు, ఆ తోటివారు ఎవరు?

మన నలుగురి సంగతి

ఈ నాలుగు ప్రశ్నలూ మన పిల్లల ముందు పెట్టి చూశాను. సెంచరీ వచ్చింది టెన్నిస్ బంతి టోర్నమెంటులో. ఆ గ్రౌండులో ఒకవైపు బౌండరీ ఎంత దగ్గరో చూసినవాళ్లకు తెలుసు. కుర్రాడు బాగానే ఆడాడు, కానీ ఎదుటి బౌలర్లు వారాంతం సరదాకు ఆడేవాళ్లు. బరువెత్తిన కుర్రాడికీ లాంగ్‌జంప్ అమ్మాయికీ ఇంకో రెండేళ్లలో ఇంతకన్నా పెద్ద అంకెలు వస్తాయని నా నమ్మకం. 800 మీటర్ల అమ్మాయి హోబళి, తాలూకా, జిల్లా పోటీలు మూడింటిలోనూ మొదటి స్థానం తెచ్చుకుంది. రెండో అమ్మాయి వచ్చేసరికి ఈమె ఆగి నీళ్లు తాగుతోందని పీటీ మేష్టారు చెప్పారు. సాయం చేసే ఎనుములూ లేవు, దగ్గరి బౌండరీ కూడా లేదు.

ఏ పట్టికకూ అందని సంగతి ఒకటి మిగిలింది. ఆ పిల్లకు ట్రాక్ లేదు. తెల్లవారకముందే చెరువు కట్ట మీద పరుగెత్తుతుంది. వాళ్ల నాన్నగారిని కలిశాను. "పీయూసీ అయిపోతోంది సార్, ఇంక పరుగు మాన్పించేద్దామనుకుంటున్నాం. పేపర్లో పేరు కూడా రాని దానికి ఎందుకు పొద్దున్నే ఆడపిల్లను పంపడం" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. ఊళ్లో ఎవరూ ఆ పరుగుకు ఇంతవరకూ విలువ కట్టలేదు, ఆయన మాత్రం ఎలా కడతారు?

నా ఓటు ఆ అమ్మాయికే. అయితే ఇది కార్యదర్శి ఒక్కడి అభిప్రాయం. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు కమిటీ మళ్లీ కూర్చుంటుంది. సభ్యులందరూ రండి. నేను వేసిన లెక్కలో తప్పుంటే చూపండి, ఇంతకన్నా మంచి కొలత మీ దగ్గరుంటే తీసుకురండి. మినిట్స్ పుస్తకంలో దాన్నే రాస్తాను. 'వాయిదా' అని మాత్రం ఇంకోసారి రాయను. పీయూసీ పరీక్షలు దగ్గరకొచ్చేశాయి.