చలికాలమున పికప్ బండి యింధన వ్యయము

చలికాలమున పికప్ బండికి ఇంధనము హెచ్చుగా వ్యయమగును. చలికి ఇంజను నూనె చిక్కబడును. ఇంజను వేడెక్కుట ఆలస్యమగును. టైర్లలో గాలి యొత్తిడి తగ్గును. అమెరికా ఇంధన శాఖవారి లెక్క ననుసరించి, పట్టణ ప్రయాణమున పెట్రోలు కారు 25 డిగ్రీల వేడిమిలో నిచ్చు మైలేజికంటె మైనస్ 7 డిగ్రీల చలిలో సుమారు 15 శాతము తక్కువ యిచ్చును. మన సీమలో అంతటి చలి లేదు గాన లోటును స్వల్పమే.

బరువు సంగతి యట్లు కాదు. 45 కిలోల యదనపు బరువునకు మైలేజి సుమారు 1 శాతము తగ్గునని ఆ శాఖయే తెలుపుచున్నది. చలిని మనము తప్పింపజాలము, బరువును తగ్గింపగలము. కావున పొలమున దింపవలసిన పనిముట్లను, అక్కఱలేని ఇనుప సామానును బండిలో మిగులనీయరాదు. ఉదయమున బండి కదలకమునుపే టైర్ల గాలి చూచుకొనవలెను. ఇంధనమునకు వృథాగా పోవు రూపాయి పంట రాబడినుండియే పోవునని సభ్యులకు మేము మనవి చేయుచున్నాము.