జాబితాలో కనబడని ఆరుగురు



ఈ వారం కంప్యూటర్ సంగతి రాస్తున్నాను. సంపాదకీయంలో ఇదేమిటని అనుకోకుండా కాస్త ఓపికగా చదవండి. సంఘ ఆఫీసులో సభ్యుల వివరాలు చూసుకునే సహోదరులు, సహోదరీలు తప్పక చదవాలి.

మా సంఘం హైటెక్ సిటీకి దగ్గర్లో ఉంది. గుంటూరు, భీమవరం, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి కొండాపూర్, నల్లగండ్ల, నిజాంపేటలలో ఉంటున్న కుటుంబాలే ఎక్కువ. అద్దె ఇళ్ళు తరచూ మారతారు. పల్లెలో కాపరికి ఎవరి గడప ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇక్కడ టవరు, ఫ్లాటు నంబరు చెప్పకపోతే సెక్యూరిటీ గేటు తీయడు. అందుకని సభ్యుల వివరాలన్నీ మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్‌లో కాంటాక్టులుగా పెట్టుకున్నాం. దానిలో మామూలుగా ఉండేవి పేరు, ఫోను, చిరునామా. సంఘానికి అవి చాలవు గనుక ఒక ఇంజనీరు తమ్ముడు మా కోసం ప్రత్యేకంగా ఒక ఫారమ్ తయారుచేశాడు. బాప్తిస్మం తేదీ, స్వగ్రామం, పెళ్ళిరోజు, ఏ గృహ కూటానికి వస్తారు, ఇంటి దగ్గర ప్రభు బల్ల ఇవ్వాలా అన్న గడులు అందులో ఉన్నాయి.

ఆ చివరి గడి దగ్గరే పొరపాటు జరిగింది. మంచం పట్టినవారికి, గుడిదాకా రాలేనివారికి మొదటి ఆదివారం తర్వాత ఇళ్ళకు వెళ్ళి ప్రభు బల్ల ఇస్తాం. ఎవరి ఇంటికి వెళ్ళాలో ఆ గడిలో టిక్కు చూసి ఔట్‌లుక్ జాబితా ఇస్తుంది. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక చందానగర్‌లో ఉండే ఒక సహోదరుడు తలుపు దగ్గర ఆగి, "అయ్యగారూ, అమ్మ మిమ్మల్ని అడుగుతోందండీ" అన్నాడు. వాళ్ళమ్మగారికి తుంటి ఎముక విరిగి ఇంట్లోనే ఉంటున్నారు. ఏడు నెలలుగా మేము ఆ ఇంటికి వెళ్ళలేదు. పాస్టరుగారికి తీరికలేదేమోలే అని ఆవిడ ఎవరితోనూ అనలేదట.

ఆ రాత్రి ఆఫీసులో కూర్చుని పాత నోటుబుక్కుతో జాబితా సరిచూశాం. జాబితాలో 11 పేర్లున్నాయి. ఉండాల్సినవి 17.

ప్రోగ్రాం తప్పేమీ చేయలేదు, తప్పు మాది. గడికి మొదట ఇంగ్లీషులో 'హోమ్ కమ్యూనియన్' అని పేరు పెట్టాం. తర్వాత మరొక తమ్ముడు, అందరికీ అర్థం కావాలని మంచి ఉద్దేశంతోనే, దాని స్థానంలో తెలుగు పేరుతో గడి పెట్టాడు. మనకు రెండూ ఒకటే. ఔట్‌లుక్‌కు మాత్రం అది కొత్త గడి. పాత టిక్కులు పాత పేరు కింద అలాగే ఉండిపోయాయి. జాబితా కొత్త పేరును మాత్రమే వెదికింది. ఆ తర్వాత నమోదైనవారు ఎప్పటికప్పుడు కనబడుతూనే ఉన్నారు గనుక జాబితా ఎప్పుడూ ఖాళీగా అనిపించలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. జాబితా మొత్తం మాయమైతే ఆ రోజే పట్టుకునేవాళ్ళం.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం గుర్తొచ్చింది. యెరూషలేము సంఘంలో రోజువారీ పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్ళు తప్పిపోయారు. అపొస్తలులు దాన్ని చిల్లర విషయమని తోసేయలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచుకోమని సంఘానికే చెప్పి, వారికి ఆ పని అప్పగించారు. సెమినరీలో ఆ భాగాన్ని పరిచారకుల నియామకం కింద చదువుకున్నాను. పంపకం లెక్కలో ఎవరు రాలేదో చూసుకోవడం కూడా అందులో ఉందని ఈ వయసులో తెలిసింది.

ఇలాంటి ఫారమ్ వాడే సంఘాలు ఏం చూసుకోవాలో చెబుతాను. ఇది పాత, అంటే క్లాసిక్ ఔట్‌లుక్ సంగతి.

అన్నిటికన్నా ముందు, వివరాలు కనబడలేదని కార్డు చెరిపేసి మళ్ళీ ఎక్కించకండి. చాలాసార్లు సమాచారం లోపలే ఉంటుంది, చూపించే ఫారమే వేరై ఉంటుంది. కాంటాక్టు తెరిచి 'ఆల్ ఫీల్డ్స్' అన్న పేజీకి వెళ్ళి, పైన పట్టీలో 'యూజర్ డిఫైన్డ్ ఫీల్డ్స్ ఇన్ దిస్ ఐటమ్' ఎంచుకుంటే ఆ కార్డులో మనం చేర్చిన గడులన్నీ కనబడతాయి. మా ఆరుగురి టిక్కులూ అక్కడే, పాత పేరు కింద, క్షేమంగా ఉన్నాయి. వాటిని చూసుకుని కొత్త గడిలో మళ్ళీ పెట్టాం.

ఇంకొక చిక్కు. ప్రతి కాంటాక్టు కార్డు తాను ఏ ఫారమ్‌లో తెరుచుకోవాలో తనలోనే రాసుకుని ఉంటుంది. దాన్ని మెసేజ్ క్లాస్ అంటారు. మామూలు కార్డుది 'ఐపీఎం డాట్ కాంటాక్ట్'. మన ఫారమ్‌ను ప్రచురించినప్పుడు దాని వెనక ఇంకొక చుక్క, మన పేరు చేరతాయి. ఫోల్డరుకు కొత్త ఫారమ్ నిర్ణయించినా అది ఇకమీదట చేర్చే కార్డులకే వర్తిస్తుంది. ముందే ఉన్నవి పాత ఫారమ్‌లోనే తెరుచుకుంటాయి. వాటి మెసేజ్ క్లాస్‌ను చిన్న మాక్రోతో ఒక్కసారే మార్చవచ్చు. ఈ ప్రాంతపు సంఘాల్లో అది రాయగలిగినవారు ఆదివారం మూడో వరుసలోనే కూర్చుని ఉంటారు, అడగండి.

ఫారమ్ మార్చినా ఒక కంప్యూటర్‌లో ఇంకా పాతదే వస్తుంటే, ఆ కంప్యూటర్ దాచుకున్న నకలు చెడి ఉండవచ్చు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, కస్టమ్ ఫారమ్స్, మేనేజ్ ఫారమ్స్ వరుసగా వెళ్ళి 'క్లియర్ క్యాష్' నొక్కండి.

ఫారమ్‌లోని బటన్లు పనిచేయకపోతే మీ తప్పు కాకపోవచ్చు. 2017లో వచ్చిన భద్రతా మార్పుతో ఫారమ్ వెనక రాసిన స్క్రిప్టు మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప నడవదు. ఆ స్క్రిప్టు రాసే వీబీస్క్రిప్ట్‌ను క్రమంగా తీసేస్తామని 2023లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది కూడా. ఇక ఔట్‌లుక్ పైమూల 'న్యూ ఔట్‌లుక్' అన్న మీట నొక్కినవారికి మన ఫారమ్ అసలు కనబడదు, కొత్తదానిలో ఈ సౌకర్యమే లేదు. కంగారుపడకుండా మీట వెనక్కి తిప్పండి.

బ్యాకప్ విషయంలో నేనూ మోసపోయాను. ప్రతి నెలా కాంటాక్టులను సీఎస్‌వీ ఫైలుగా తీసి పెన్‌డ్రైవ్‌లో పెడుతున్నాం గదా అని నిశ్చింతగా ఉన్నాను. తెరిచి చూస్తే పేరు, ఫోను, చిరునామా ఉన్నాయి. మనం చేర్చిన గడి ఒక్కటీ లేదు. ఆ ఎగుమతిలో అవి రావు. అవి కావాలంటే కాంటాక్టులను పట్టిక రూపంలో పెట్టి, ఆ గడులను నిలువు వరుసలుగా చేర్చి, మొత్తం ఎంచుకుని ఎక్సెల్‌లోకి కాపీ చేయాలి. లేదా పీఎస్‌టీ ఫైలుగా దాచాలి.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. ఈ ప్రోగ్రాములు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. పూర్తి పేరు గడిలో మన పద్ధతిలో రాస్తే ఇంటిపేరు అసలు పేరై, అసలు పేరు ఇంటిపేరై కూర్చుంటుంది. సంఘంలో మార్తమ్మలు నలుగురుంటే ఎవరు ఎవరో తేలదు. సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు ఉన్నవారికి రెండు గడులు పెట్టండి.

ఫారమ్ చేసిన తమ్ముడు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. ఫారమ్ అసలు ప్రతి అతని మెయిల్‌బాక్స్‌లోని సొంత లైబ్రరీలో ఉండిపోయింది. అడగ్గానే పంపాడు, దేవునికి స్తోత్రం. మీరు మాత్రం ఫారమ్‌ను ఓఎఫ్‌టీ ఫైలుగా సంఘ ఆఫీసులో ఉంచుకోండి. ఏ గడి పేరు ఎప్పుడు, ఎందుకు మారిందో ఒక కాగితం మీద రాసి దానితోపాటు పెట్టండి.

నన్నడిగితే, వంద కుటుంబాల లోపు సంఘానికి ఇంత ఏర్పాటు అక్కర్లేదు. ఒక ఎక్సెల్ పట్టికా, ఒక నోటుబుక్కూ చాలు. మేము ఫారమ్ వదల్లేదు గానీ, ప్రతి నెలా మొదటి ఆదివారానికి ముందు శుక్రవారం జాబితా ముద్రించి పెద్దల కూటంలో పేరు పేరునా చదువుతున్నాం. చదివాక అడిగే ప్రశ్న ఒక్కటే: ఇందులో లేనివారు ఎవరైనా మీకు గుర్తొస్తున్నారా? పోయిన నెల ఒక పెద్ద ఇద్దరి పేర్లు చెప్పారు. వారి పేర్లు ఏ గడిలోనూ లేవు.

చందానగర్ అమ్మగారి ఇంటికి మర్నాడే వెళ్ళాం. మిగిలిన ఐదుగురిలో ముగ్గురి ఇళ్ళకు వెళ్ళివచ్చాం. ఇద్దరు నిజాంపేట వైపు ఉంటారు, ఈ శనివారం అక్కడికి బయలుదేరుతున్నాం.