నందికొండ రాతికట్ట

పలనాటి సీమ చెంతనే కృష్ణానది ప్రవహించుచున్నను, ఆ సీమలోని పొలములు చిరకాలము దప్పిగొనియే యుండెను. నది లోతైన లోయలో పారును. పొలములు మెట్టపై నుండును. బావిలో నీరుండియు చేదుకొనుటకు త్రాడులేని గృహస్థుని వలె పలనాటి రైతు నదిని చూచుచు, వానకై ఆకాశమునే నమ్ముకొని జొన్న, సజ్జ పండించుకొనెడివాడు. పలనాట జొన్నకూడే గతియని శ్రీనాథుని పేర వ్యాప్తిలోనున్న చాటువులు పరిహసించుటకు మూలమిదియే.

ఈ కొరతను తీర్చిన కట్టడమును చూడగోరువారు మాచర్ల నుండి బయలుదేరుదురు. త్రోవలో ఎత్తిపోతల కలదు. అచ్చట చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుండి క్రిందికి దూకి, కొంతదూరము పారి కృష్ణలో కలియును. అచ్చటికి సుమారు 11 కిలోమీటర్ల దూరమున, నల్లమల కొండలను ఒరసికొనుచు వచ్చిన కృష్ణ నందికొండ యొద్ద ఇరుకైన కనుమలో ప్రవేశించును. రెండు గట్టుల కొండలను కలుపుచు ఆ కనుమకు అడ్డముగా నిలిచిన రాతిగోడయే నాగార్జునసాగరము. దిగువనున్న వంతెనపై నిలిచి చూచువారికి ఆ గోడ మరియొక కొండవలె తోచును.

ఈ స్థలమున ఆనకట్ట కట్టవలెనని పెక్కుమంది కోరిరి. వారిలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ముఖ్యుడు. 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. కట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. రాతిభాగము పొడవు సుమారు 1,450 మీటర్లు. దానికి ఇరుప్రక్కల మట్టికట్టలు కలవు. వరదనీరు పోవుటకు 26 తలుపులు అమర్చిరి. రాతితో కట్టిన ఆనకట్టలలో ఇది ప్రపంచమున మిక్కిలి పెద్దవానిలో నొకటి.

ఇంత కట్టడమును రాతితో నేల కట్టిరి? ఆ దినములలో దేశమున సిమెంటు కొరత. విదేశములనుండి పెద్ద యంత్రములు కొనుటకు ధనము కొరత. కాని చుట్టుప్రక్కల రాయి సమృద్ధిగా నుండెను. పనిచేయు చేతులకు కొదువ లేకుండెను. అందుచేత వేలకొలది కూలీలు, రాళ్లు కొట్టువారు, తాపీపనివారు ఇచ్చటికి చేరిరి. స్త్రీపురుషులు రాళ్లను తలలపై మోసికొని, సరుగుడు గుంజలతో కట్టిన సారువల మీదుగా పైకెక్కిరి. పనిలో ప్రాణములు కోల్పోయినవారును కలరు. శిలాఫలకములపై పెద్దల పేర్లు కలవు; ప్రతి రాతిపైనను పేరులేని ఒక చేతిపని కలదు.

ఆ గోడ నీటి ఒత్తిడికి ఒరిగిపోక ఎట్లు నిలిచియున్నది? ఒక డబ్బాకు పైన, నడుమ, అడుగున రంధ్రములు చేసి నీరు నింపినచో, అడుగు రంధ్రమునుండి వచ్చు ధార అన్నిటికంటె జోరుగా నుండును. లోతు పెరిగినకొలది నీటి ఒత్తిడి పెరుగుటయే దీనికి కారణము. అందువలన కట్టను పైన సన్నముగాను, అడుగున మిక్కిలి వెడల్పుగాను కట్టిరి. నీరు త్రోయుచుండగా, రాతిబరువు దానిని ఎదిరించి నిలుచును. కట్టలోనికి ఊరెడి నీరు బయటకు పోవుటకు దాని గర్భమున సొరంగమార్గములు కలవు.

ఈ రాతికట్ట కొరకు మరియొక రాతినగరము నీటి పాలయ్యెను. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి ఈ లోయలోనే యుండెను. దాని శిథిలములు 1926లో బయటపడెను. జలాశయము నిండకముందే, 1954 మొదలు 1960 వరకు, పురావస్తు శాఖవారు లోయను విస్తారముగా త్రవ్విరి. ముఖ్యమైన కట్టడములను రాయి రాయిగా విప్పి, నాగార్జునకొండపైనను అనుపు వద్దను మరల కూర్చిరి. ఆ కొండ ఇప్పుడు ద్వీపము. అచ్చటి ప్రదర్శనశాలలో శిల్పములు భద్రముగా నున్నవి. లోయలోని పల్లెలవారు మాత్రము తమ ఇండ్లను, పొలములను విడిచి వెడలవలసివచ్చెను.

కుడికాలువ వచ్చిన పిదప పలనాట వరిచేలు పచ్చగా కనబడెను. ఎడమకాలువ అవతలి గట్టున నల్గొండ, ఖమ్మము సీమలకు నీరందించెను. ఇప్పుడు కట్టకు ఒక కొన ఆంధ్రప్రదేశమునందు, రెండవ కొన తెలంగాణమునందు కలదు. రెండు రాష్ట్రముల రైతులును ఆ నీటికొరకే ఎదురుచూతురు. అయినను కాలువకంటె ఎత్తుననున్న వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతములలోని మెట్టపొలములు నేటికిని వాన రాకకై ఎదురుచూచుచునే యున్నవి.

కాబట్టి నందికొండకు వెళ్లువారు పొంగు నీటిని మాత్రమే చూచి మరలరాదు. ఆ నీటి క్రింద ఒక నగరము, ఆ గోడలో వేలమంది చెమట, ఆ కాలువకు ఎగువన ఇంకను తడియని నేల కలవు. ఈ మూడింటిని తలచుకొన్నవారే నాగార్జునసాగరమును సంపూర్ణముగా చూచినవారగుదురు.