ఏడుసార్లే వేసుకున్న సూటు

‘వేసుకునే కళ’ మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్‌గారు, గురువారంలోగా. పిల్లల్ని ఈగ వాలనీయకుండా పెంచే కాలం కదా, ఆ భయాన్ని ఒంటికి తొడిగి చూపిస్తున్న కళాకారులెవరో రాయమన్నారు. ముందుగా దొరికింది డచ్ డిజైనర్ అనూక్ విప్రెక్ట్ 2015లో చూపిన ‘స్పైడర్ డ్రెస్’. భుజాల మీద సాలీడు కాళ్లలాంటి యంత్రపు కాళ్లుంటాయి. ఎవరైనా మరీ దగ్గరికొస్తే సెన్సర్లు పసిగడతాయి, కాళ్లు చివ్వున లేస్తాయి. భలేగా ఉంది. కానీ ప్రదర్శన అయ్యాక విప్పి పెట్టెలో పెట్టేస్తారు. విప్పలేని తొడుగు కోసం వెతుకుతుంటే హ్యూస్టన్ పిల్లవాడొకడు తగిలాడు. ఇక మనసు గౌను మీద నిలవలేదు.

డేవిడ్ వెటర్ 1971 సెప్టెంబరు 21న పుట్టాడు. రోగనిరోధక శక్తి బొత్తిగా లేని జబ్బు. వాడి అన్న అదే జబ్బుతో పసితనంలోనే పోయాడు. అందుకే పుట్టిన క్షణాల్లోనే వీడిని క్రిములు చొరబడని ప్లాస్టిక్ బుడగలో పెట్టారు. సీసా, బట్ట, బొమ్మ ఏది లోపలికి వెళ్లాలన్నా గంటల తరబడి ఇథిలీన్ ఆక్సైడ్ వాయువులో శుద్ధి కావాల్సిందే. తల్లి ముట్టుకోవాలంటే బుడగ గోడకు బిగించిన తొడుగుల్లో చేతులు దూర్చాలి. నాలుగేళ్లప్పుడు, లోపల ఎవరో మరిచిపోయిన సూదితో వాడు ఆ గోడకు చిల్లులు పొడిచాడు. అప్పుడు చెప్పారు వాడికి, క్రిములంటే ఏమిటో.

1977లో నాసావాళ్లు వ్యోమగాముల దుస్తులు తయారుచేసిన అనుభవంతో వాడికొక సూటు చేసిచ్చారు. బుడగ నుంచి సూటు దాకా ఎనిమిదడుగుల గుడ్డ గొట్టం. అందులోంచి పాక్కుంటూ వెళ్లి సూట్లోకి దూరాలి. ఆ ఏడాది జూలై 29న తల్లి మొదటిసారి కొడుకును ఎత్తుకుంది. అప్పటికి వాడికి ఆరేళ్లు నిండబోతున్నాయి.

ఎగిరి గంతేసి ఉంటాడనుకుంటాం. కాదు, సూటు వేసుకోనని మొరాయించాడు! బయటంతా క్రిములని చెప్పింది పెద్దవాళ్లే మరి. పోనుపోను అలవాటైనా, మొత్తం మీద వేసుకున్నది ఏడుసార్లే. ఎదిగి అది చాలకపోతే నాసా ఇంకొకటి ఇచ్చింది. దాన్ని ఒక్కసారీ తొడుక్కోలేదు. 1983లో అక్క మూలుగ ఎక్కించారు. అందులో దాగిన ఎప్‌స్టీన్-బార్ వైరస్ కేన్సరై కూర్చుంది. 1984 ఫిబ్రవరి 22న, పన్నెండేళ్లకే పోయాడు.

ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టేందుకు లేదు. వాడికి బయట నిజంగానే చావుంది. మన పిల్లలకు బయట ఉన్నది మోకాలు దోక్కుపోవడం, ఆటలో ఓడిపోవడం, నచ్చని మాట వినడం. జబ్బు లేని పిల్లలకు బుడగ కడుతున్నాం. స్పైడర్ డ్రెస్ నాకు అంతగా ఆనకపోవడానికి కారణం అదే. అది దగ్గరికొచ్చినవాణ్ని బెదిరిస్తుందే తప్ప, లోపలున్న మనిషికి బయటికి రావడం నేర్పదు.

ఇక వేసుకునే కళ చరిత్ర టూకీగా: 1956లో జపాన్‌లో అత్సుకో తనాకా వెలిగే బల్బులనే గౌనుగా వేసుకుంది. 1967లో బ్రెజిల్ కళాకారిణి లిజియా క్లార్క్ ఇద్దరు మనుషులకు జంట సూట్లు చేసింది. కళ్లు కప్పేసే ముసుగులు, ఇద్దర్నీ బొడ్డు దగ్గర కలిపే గొట్టం. ఒకరి సూటు జిప్పులు ఒకరు తీసి, తడిమి తెలుసుకోవాలి. నా ఓటు క్లార్క్‌కే.

బాక్సు: చేతికి కాపలా

మన పసివాళ్లకు మొలతాడు, తాయెత్తు, దిష్టిచుక్క ఎప్పటి నుంచో ఉన్నాయి. అవి ఎవరి మాటలూ వినవు. ఇప్పటి స్మార్ట్‌వాచీలు వింటాయి. పిల్లల చుట్టుపక్కల మాటల్ని రహస్యంగా వినిపించే వాచీల అమ్మకాన్ని జర్మనీ 2017 నవంబరులో నిషేధించింది. తరగతిలో టీచర్లు ఏం మాట్లాడుతున్నారో కూడా కొందరు తల్లిదండ్రులు వీటితో వింటున్నారని అక్కడి నియంత్రణ సంస్థ తేల్చింది, కొన్నవాళ్లను వాటిని ధ్వంసం చేయమంది. మీ పిల్లల చేతికి అలాంటిది ఉంటే సెట్టింగులు ఒకసారి తెరిచి చూడండి. వినే సదుపాయం కనిపిస్తే ఇవాళే ఆపేయండి.